రోజంతా ఒకే టికెట్: టి-24 పట్టుకుని హైదరాబాద్‌లో ఒక ఆదివారం

ముందే తేల్చి చెప్పేస్తా. సిటీ బస్సుల్లో ఆర్టీసీ ఇచ్చే టి-24 టికెట్ అందరికీ పనికొచ్చేది కాదు. ఇంటి దగ్గర ఎక్కి చార్మినార్ దగ్గర దిగి, ఫొటోలు తీసుకుని తిరిగి ఇంటికొచ్చేసేవాళ్లకి అది దండగ, మామూలు టికెట్లే చవక. ఇల్లు మెట్రో స్టేషన్ పక్కనే ఉండి, వెళ్లే చోటు కూడా మెట్రో పక్కనే అయితే ఇక ఆలోచించడం కూడా అనవసరం. కానీ పొద్దున బయటపడి, ఎక్కడికెళ్లాలో సగమే అనుకుని, మిగతా సగం దారిలో చూసుకుందాంలే అనుకునే బాపతు మనుషులకి ఈ ఊళ్లో ఇంతకన్నా గిట్టుబాటు బేరం నాకైతే కనపడలేదు.

విషయం తెలియనివాళ్ల కోసం కాస్త వివరం. టి-24 అంటే ఇరవై నాలుగు గంటల టికెట్. ఏ సిటీ బస్సెక్కినా కండక్టర్ దగ్గరే దొరుకుతుంది, ముందుగా బుక్ చేసుకోవడం, కౌంటర్ దగ్గర క్యూ కట్టడం ఏమీ ఉండదు. కొన్న నిమిషం నుంచి లెక్క మొదలు, మర్నాడు అదే సమయం దాకా ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులు ఎన్ని ఎక్కినా ఎన్ని దిగినా అడిగేవాళ్లు లేరు. ఏసీ బస్సుల్లో చెల్లదు, ఎయిర్‌పోర్టుకెళ్లే పుష్పక్‌లో చెల్లదు, పేరులో మెట్రో ఉంది కదా అని మెట్రో రైలు గేటు దగ్గరికి పట్టుకెళ్లకండి, అది వేరే సంస్థ, వేరే టికెట్. డీలక్స్ అని బోర్డున్న బస్సు వస్తే మాత్రం కండక్టర్‌ని అడిగి ఎక్కడం మంచిది. ధర విషయానికొస్తే 2023 ఏప్రిల్‌లో వంద నుంచి 90కి తగ్గించారు, అరవై దాటినవాళ్లకి 80 చేశారు. ఆ తర్వాత సిటీ బస్సు ఛార్జీలు మారాయి కాబట్టి కొనే రోజున ఎంతో అడిగి తీసుకోండి. నాలుగైదు బస్సులు ఎక్కే పనుంటేనే దీని జోలికి వెళ్లండి అనేది నేను పెట్టుకున్న మోటు లెక్క. దూరాలు పెద్దవైతే అంతకన్నా ముందే డబ్బులు వచ్చేస్తాయి.

నలుగురికి కలిపి మూడొందలకి ఎఫ్-24 అని ఒక ఫ్యామిలీ టికెట్ ఉండేది, ఆడవాళ్లకీ పెద్దవాళ్లకీ పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా యాభై రూపాయల టి-6 ఉండేది. రెండూ 2024 జనవరి 1 నుంచి ఆపేశారు. అప్పటికే మహాలక్ష్మి పథకం వచ్చేసింది, 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకి ఈ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కాబట్టి ఇప్పుడు టి-24 అంటే ప్రధానంగా మగవాళ్లు కొనుక్కునేది, లేదా పక్క రాష్ట్రం నుంచి వచ్చిన చుట్టాలు కొనుక్కునేది. మా ఇంట్లో ఈ లెక్క తమాషాగా ఉంటుంది. మా ఆవిడకి సున్నా టికెట్. నాకు టి-24. తెనాలి నుంచి వచ్చిన మామయ్యగారికి పెద్దవాళ్ల రేటు, ఆధార్ చూపించాలి. అత్తయ్యగారి ఆధార్‌లో తెనాలి అడ్రసు ఉంది కాబట్టి ఆవిడకీ టికెట్ కొనాల్సిందే. ఈ సంగతి చెప్పినప్పుడు ఆవిడ, "మా ఊళ్లో అయితే నాకూ ఫ్రీయే నాయనా, స్త్రీశక్తి" అని బస్సులో అందరికీ వినపడేలా అన్నారు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి అది అమల్లోకొచ్చింది మరి. కండక్టరమ్మ నవ్వి, "అయితే ఆ బస్సు ఇక్కడిదాకా తోలుకు రావాల్సింది పెద్దమ్మా" అంది.

రోజు ఎంచుకోవడం ముఖ్యం. నా ఓటు ఆదివారానికే. సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసేస్తారు, అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల బజారు ఆదివారమే ఉంటుంది, ఆఫీసుల జనం రోడ్ల మీద ఉండరు. బస్సు కోసం ఎదురుచూపు ఆదివారం కాస్త ఎక్కువే ఉంటుందని ముందే మనసులో పెట్టుకోండి. దానికి విరుగుడు ఒక్కటే, ఫలానా నంబరు బస్సే కావాలని కూర్చోకుండా ఆ వైపు వెళ్లేది ఏదొస్తే అది ఎక్కేయడం. ఒక్కో ప్రయాణానికి విడిగా టికెట్ కొనేటప్పుడు ఇలా చేయబుద్ధి కాదు, సగం దారికి ఒకటి, మిగతా సగానికి ఇంకోటి కొనాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. చేతిలో రోజు టికెట్ ఉంటే ఆ లెక్కే ఉండదు. డబ్బు ఆదా సంగతి తర్వాత, అసలు సుఖం ఇదీ అని నాకు అనిపిస్తుంది. కూకట్‌పల్లి నుంచి 218 ఎక్కి కోఠి దాకా వెళ్లడం, అక్కడ అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లే ఏదో ఒక బస్సు పట్టుకోవడం మాకు అలవాటు. సికింద్రాబాద్ వైపు ఉన్నవాళ్లకి 8ఎ ఉండనే ఉంది, నేరుగా చార్మినార్.

తొలి మజిలీ సాలార్‌జంగ్. ఖర్చుకి తగ్గ ప్రతిఫలం అని చూస్తే ఈ ఊళ్లో దీనికి పోటీ లేదు. పెద్దవాళ్ల టికెట్ ఒక యాభై రూపాయల స్థాయిలోనే ఉంటుంది, లోపల ముప్పైకి పైగా గ్యాలరీలు, పది నుంచి ఐదు దాకా తిరిగినా పూర్తికాదు. పూర్తి చేయాలని ప్రయత్నించడమే తప్పు. పిల్లల్ని చెయ్యి పట్టుకుని గది తర్వాత గది లాక్కెళ్లే తల్లిదండ్రుల్ని అక్కడ చూస్తుంటా, మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఆ పిల్లల మొహాలు వాడిపోయి ఉంటాయి. నాలుగైదు వస్తువులు అనుకుని వాటి దగ్గరే కూర్చోండి, మిగతావి దారిలో తగిలినన్ని తగులుతాయి.

వీటన్నిటినీ పోగేసింది ఎక్కువగా మూడో సాలార్‌జంగ్, మీర్ యూసుఫ్ అలీఖాన్. నిజాం దగ్గర కొన్నాళ్లు దివాన్‌గా చేసి, ఆ పని వదిలేసి, మిగతా జీవితమంతా వస్తువులు కొనడంలోనే గడిపిన మనిషి. పెళ్లి చేసుకోలేదు, 1949లో పోయాడు, వారసులు లేరు. 1951 డిసెంబర్‌లో ఆయన ఉన్న దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా పెట్టారు, నెహ్రూ వచ్చి ప్రారంభించారు, మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి 1968లో మార్చారు. మా మామయ్యగారు ఇదంతా విని, "పెళ్లి చేసుకుని ఉంటే ఇన్ని కొననిచ్చేదా ఆవిడ" అని ఒక్క మాటలో తేల్చేశారు. అత్తయ్యగారు వినలేదు, లేదా వినపడనట్టు ఊరుకున్నారు.

మేలిముసుగు రెబెకా గురించి అందరూ చెప్తారు, నేనూ చెప్తా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కాడు, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ వెళ్లినప్పుడు కొన్నాడు. పాలరాతి మొహం మీద పాలరాతి ముసుగు, ఆ ముసుగులోంచి కళ్లూ ముక్కూ కనపడుతుంటాయి, అంతా ఒకే రాయి. ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు చాలామంది. పక్కకి వెళ్లి చూడండి, ముసుగు చెంప మీది నుంచి జారే చోట మడతలు ఎలా చెక్కాడో అటువైపు నుంచే తెలుస్తుంది. నాకు దీనికన్నా చెక్క బొమ్మ ఇంకా ఇష్టం. ఒకే దుంగ, ఇటు నుంచి చూస్తే ఫౌస్ట్ కథలోని దెయ్యం మెఫిస్టోఫిలిస్ గర్వంగా నిలబడి ఉంటాడు, వెనక పెట్టిన అద్దంలో చూస్తే అదే కథలోని అమ్మాయి మార్గరెటా తలొంచుకుని ఉంటుంది. మా వాడు మొదట నమ్మలేదు, అద్దంలో కనపడేది ఇంకో బొమ్మ అనుకుని వెనక్కి వెళ్లి వెతికాడు.

ఇక గడియారం. కుక్ అండ్ కెల్వీ వాళ్లది. గంటకోసారి గడ్డం ఉన్న చిన్న బొమ్మ తలుపు తీసుకుని బయటికొచ్చి గంట కొడుతుంది, పక్కన కమ్మరి బొమ్మ సెకను సెకనుకీ సుత్తి కొడుతూనే ఉంటుంది. జనమంతా పన్నెండింటికి వస్తారు, పన్నెండు సార్లు కొడుతుంది కదా అని. ఆ సమయానికి అక్కడ కుర్చీ దొరకదు, ఎదురుగా పైకెత్తిన ఫోన్ల వెనకాల నుంచి చూడాల్సిందే. పదకొండింటికి వెళ్లండి. ఒక్క గంట తక్కువ కొడుతుంది, అంతే తేడా, పిల్లలు ముందు వరసలో కూర్చుని చూడొచ్చు. బ్యాగులు బయట పెట్టేయాలి కాబట్టి తక్కువ సామానుతో వెళ్లడం తెలివి. అబిడ్స్ పుస్తకాలు కూడా అందుకే మధ్యాహ్నానికి వాయిదా వేస్తాం, మూట మోసుకుని మ్యూజియానికి వెళ్లడం కన్నా మ్యూజియం చూసి మూట కట్టుకోవడం నయం.

అక్కడి నుంచి నది దాటి ఉస్మానియా ఆసుపత్రి వైపు నడిస్తే పైసా ఖర్చు లేకుండా ఇంకొకటి ఉంది, చాలామంది చూడరు. ఆసుపత్రి ప్రాంగణంలో ఒక పాత చింతచెట్టు. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరదొచ్చి ఊరు కొట్టుకుపోయినప్పుడు నూట యాభై మంది దాకా ఆ చెట్టెక్కి ప్రాణాలు నిలబెట్టుకున్నారు. ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ వరదలోనే తన కుటుంబాన్ని పోగొట్టుకున్నాడు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యని పిలిపించి సలహా అడిగారు, ఆ సలహాతోనే గండిపేట, హిమాయత్‌సాగర్ కట్టారు. అంటే ఇప్పుడు మనం పిక్నిక్‌కి వెళ్లే గండిపేట చెరువుకి కథ మొదలైంది ఈ ఒడ్డున. మా వాడికి స్కూల్లో ఈ ముక్క చెప్పలేదు, చెట్టు కింద నిలబడి చెప్తే ఎంతమంది ఏ కొమ్మ మీద పట్టారని లెక్కలు వేశాడు. అది రోగులు తిరిగే చోటు కాబట్టి గుంపుగా వెళ్లి ఫొటోల హడావిడి చేయకండి, ఒక ఐదు నిమిషాలు చూసి వచ్చేయండి.

భోజనం సంగతి. చవగ్గా తినాలని నిజంగా పట్టుదల ఉంటే జీహెచ్ఎంసీ ఐదు రూపాయల క్యాంటీన్లు ఉన్నాయి, 2014 నుంచి అన్నపూర్ణ పేరుతో నడిచినవి, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు. అన్నం, కూర, సాంబారు, పచ్చడి. నేను తిన్నాను, వేడిగా ఉంటుంది, కడుపు నిండుతుంది. కూలి పని చేసుకునేవాళ్లు, ఆసుపత్రికొచ్చిన వాళ్ల తాలూకు మనుషులు వరసలో ఉంటే మనం షికారుకొచ్చి వాళ్ల ముందు నిలబడటం నాకు మాత్రం బాగోదు, చేతిలో డబ్బులు ఉన్న రోజున పక్కకి జరగడమే మర్యాద. పాతబస్తీలో హోటళ్లకి కొదవ లేదు. ఒక్క జాగ్రత్త చెప్తా, పేరు అనవసరం, ఒక హోటల్లో కూర్చున్నామో లేదో బల్ల మీద నీళ్ల సీసాలు మూత తీసి పెట్టేశారు, మామూలు నీళ్లు అడిగితే లేవన్నారు, బిల్లులో చూస్తే సీసా ధర దాని మీద ముద్రించిన దానికన్నా ఎక్కువ. నలుగురు కూర్చుంటే అదే ఒక ప్లేటు ఖర్చు. ఇంట్లోంచి రెండు సీసాలు నింపుకుని వెళ్లండి, కూర్చోగానే "నీళ్లు వద్దు భయ్యా" అని చెప్పేయండి.

చార్మినార్ గురించి కొత్తగా చెప్పేదేముంది. 1591, మహమ్మద్ కులీ కుతుబ్‌షా. పైకెక్కడానికి పాతిక రూపాయల టికెట్ ఉంది, మెట్లు ఇరుకు, ఆదివారం వరస పొడుగు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని ఎక్కించొద్దు. నా ఉద్దేశంలో చార్మినార్ ఎక్కడం కన్నా దాని కింద నిలబడటం మేలు, ఎక్కితే చార్మినార్ కనపడదు కదా. పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద నుంచి నడుచుకుంటూ వెళ్లి, గుల్జార్‌హౌజ్ దాటి, నిమ్రా దగ్గర ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకుని నిలబడే తాగడం, అంతే. కుర్చీల కోసం చూడకండి. పక్కనే మక్కా మసీదు, లోపలికి టికెట్ లేదు, నమాజు సమయం కాకుండా చూసుకుని, ఒంటి మీద బట్ట నిండుగా వేసుకుని వెళ్లాలి. లాడ్‌బజార్‌లో అత్తయ్యగారూ మా ఆవిడా లక్క గాజుల దగ్గర ఆగిపోతే చవక షికారు అనే మాట అక్కడితో ఆఖరు, దానికి ఆర్టీసీ ఏం చేయగలదు. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని దుకాణం అతను చెప్పి మరీ రేటు పెంచాడు. బేరం ఆడండి, ఆడకపోతే వాళ్లే చిన్నబుచ్చుకుంటారు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక మదీనా దగ్గర బస్సెక్కి అబిడ్స్. బస్సులు ఈ రోడ్డు మీద వెంటవెంటనే వస్తాయి, రోజు టికెట్ అసలు ఉపయోగం ఇలాంటి చోట్లే, రెండు మూడు స్టాపుల దూరానికి నడవాలా ఆటో పిలవాలా అనే మీమాంస ఉండదు, ఎక్కేయడమే. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి వాటి ముందు ఫుట్‌పాత్ అంతా పుస్తకాలే. ఇంజినీరింగ్, పోటీ పరీక్షల గైడ్లు ఎక్కువ, ఇంగ్లీషు నవలలు గుట్టలు, తెలుగు పుస్తకాలు వెతుక్కోవాలి. ఓపిక ఉన్నవాళ్లకి దొరుకుతాయి, అట్ట ఊడిపోయిన పాత నవలలు, ఎవరో ఎవరికో పెళ్లికి బహుమతిగా రాసిచ్చిన సంతకాలతో సహా. పుస్తకం మీద ఇష్టం మొహంలో కనపడనివ్వకండి, కనపడితే ధర రెట్టింపు. ముందు ఇంకేదో పుస్తకం రేటు అడిగి, వద్దని పెట్టేసి, వెళ్లిపోతూ కావాల్సిన దాని మీద వేలు పెట్టి "ఇదెంత" అనాలి. మామయ్యగారు ఈ విద్యలో నాకన్నా రెండాకులు ఎక్కువే చదివారు, తెనాలి మార్కెట్‌లో కూరగాయల దగ్గర నేర్చుకున్నారట.

అక్కడికి నడక దూరంలోనే మొజంజాహీ మార్కెట్. 1935లో కట్టిన రాతి కట్టడం, ఈ మధ్య బాగుచేసి శుభ్రంగా ఉంచారు. ఫేమస్ ఐస్‌క్రీమ్ దగ్గర బయట కుర్చీల్లో కూర్చుని కాలానికి తగ్గ పండు ఐస్‌క్రీమ్ తినాలి, ఎండాకాలం మామిడి, చలికాలం మొదలయ్యేటప్పుడు సీతాఫలం. మాల్‌లో ఒక స్కూప్‌కి పెట్టే డబ్బుతో ఇక్కడ ఇద్దరు తినొచ్చు. గోకుల్‌చాట్ కోఠిలో ఉంది, కావాలంటే అటు. మేం అటు వెళ్లం, ఆదివారం సాయంత్రం అక్కడి జనంలో నిలబడే ఓపిక నాకు లేదు.

ఇక్కడ ఒక మాట. ఇదే ఆదివారం మాల్‌కి వెళ్తే ఎంతవుతుందో అందరికీ తెలిసిందే, సినిమా టికెట్ సంగతి అలా ఉంచి పాప్‌కార్న్ దగ్గరే సగం నెల బడ్జెట్ అయిపోతుంది. అయినా మాల్ మీద నాకు కోపం లేదు, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఏసీ విలువ ఏంటో నాకు తెలుసు. నేను చెప్పిన ఈ తిరుగుడంతా జూన్‌లో వానలు పడ్డాక మొదలుపెట్టి ఫిబ్రవరి దాకా చేసేది. ఏప్రిల్, మే నెలల్లో టి-24 కొనుక్కుని పెద్దవాళ్లని, పిల్లల్ని వేసుకుని తిరిగితే టికెట్‌లో మిగిలిన డబ్బు గ్లూకోజ్ పొట్లాలకి అవుతుంది. ఆ రోజుల్లో తప్పదంటే పొద్దున పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్లండి, చెట్ల నీడ ఉంది, అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది, పిల్లలకి ఆ ఒక్క గది చాలు. లేదంటే బిర్లా సైన్స్ మ్యూజియంలో ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన రాకాసిబల్లి అస్థిపంజరం ఉంది, కోటసారస్ అని పేరు, నలభై అడుగుల పైనే పొడవు. మన నేలలోదే అని చెప్తే మా వాడు దాని కింద నుంచి కదల్లేదు. బిర్లా మ్యూజియం, ప్లానెటేరియం టికెట్లు విడివిడిగా ఉంటాయి, సాలార్‌జంగ్ అంత చవక కాదు, ఆ సంగతి ముందే చూసుకోండి.

సాయంత్రానికి బిర్లా మందిర్. నౌబత్ పహాడ్ మీద 280 అడుగుల ఎత్తున, 1976లో తెరిచారు, రాజస్థాన్ నుంచి తెచ్చిన తెల్ల పాలరాయి. మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం మళ్లీ తీస్తారు. ఫోన్లు కింద కౌంటర్‌లో ఇచ్చేయాలి. ఇదే నాకు అక్కడ నచ్చే విషయం, వేల మంది ఉన్నా ఒక్కడూ చెయ్యి పైకెత్తి ఫొటో తీయడు, అందరూ హుస్సేన్‌సాగర్ వైపు ఊరికే చూస్తుంటారు. గుడిలో గంటలు కూడా ఉండవు. బస్సు దిగాక ఎక్కాల్సిన చడావు మాత్రం పెద్దవాళ్లకి కష్టమే, అక్కడ ఒక్క చోట ఆటోకి డబ్బులు పెట్టండి, పిసినారితనం పనికిరాదు.

కొండ దిగితే రవీంద్రభారతి పక్కనే. ఇది ఎవరూ చవక షికారు జాబితాలో రాయరు, కానీ ఈ ఊళ్లో సాయంత్రాలకి ఇంతకన్నా మంచి ఉచిత వినోదం లేదు. 1961 నుంచి ఉన్న హాలు, అక్కడ జరిగే కూచిపూడి, నాటకం, పాటల కార్యక్రమాల్లో చాలావాటికి టికెట్ ఉండదు, తలుపు తీసి ఉంటే లోపలికి వెళ్లి కూర్చోవడమే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ కూడా అంతే. ఇలాంటి సభలకి ఒక పద్ధతి ఉంటుంది, కరపత్రంలో వేసిన సమయానికి దీపం వెలిగిస్తారు, తర్వాత శాలువాలు, తర్వాత ముఖ్య అతిథి తన చిన్నతనం నుంచి మొదలుపెడతాడు. మీరు పాట కోసమే వెళ్తుంటే ఒక ముప్పావు గంట ఆలస్యంగా వెళ్లండి, ఏమీ పోదు. అత్తయ్యగారికి మాత్రం సన్మానాలే ఇష్టం, ఎవరి శాలువా ఎంత ఖరీదో చెప్పేస్తుంటారు. వెనక వరసలో కూర్చోవడం మంచిది, మధ్యలో లేచినా ఎవరూ ఏమనుకోరు.

తిరుగు ప్రయాణం గురించి ఒక హెచ్చరిక. రాత్రి తొమ్మిదిన్నర దాటితే బస్సులు పలచబడతాయి, ఆ వేళ రోజు టికెట్ జేబులో ఉన్నా ఆటో మాట్లాడుకోవాల్సి వస్తే అప్పటిదాకా మిగిల్చిందంతా ఒక్క దెబ్బకి పోతుంది. ఎనిమిదిన్నరకల్లా లక్డీకాపూల్ స్టాప్‌లో ఉండండి, కూకట్‌పల్లి, మియాపూర్, మెహిదీపట్నం వైపు అక్కడి నుంచి సులువు. మహాలక్ష్మి వచ్చాక బస్సుల్లో జనం ఎక్కువయ్యారని మగవాళ్లు గొణుక్కోవడం నిత్యం వినపడుతుంది. ఎక్కువయ్యారు, నిజమే, నిలబడాల్సి వస్తుంది. కానీ ఇదివరకు పండక్కో పబ్బానికో తప్ప ఇల్లు కదలని ఆడవాళ్లు నలుగురు కలిసి టిఫిన్ డబ్బా కట్టుకుని గోల్కొండ చూడ్డానికి వెళ్లడం ఈ బస్సుల్లోనే చూశాను, వాళ్ల ముచ్చట్లు వింటూ నిలబడితే దూరం తెలీదు. గోల్కొండ అంటే గుర్తొచ్చింది, దాన్ని ఈ రోజులో ఇరికించకండి. ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టడం, రామదాసు చెర, పైన బాలా హిస్సార్ దాకా ఎక్కడం, పక్కనే కుతుబ్‌షాహీ సమాధులు, దానికి విడిగా ఒక పూట కావాలి.

టికెట్ కాగితం గురించి కూడా చెప్పాలి. మిషన్‌లో వచ్చే పల్చటి కాగితం, చెమట తగిలితే అక్షరాలు మాయమైపోతాయి, చొక్కా జేబులో పెట్టుకుంటే సాయంత్రానికి తెల్ల కాగితమే మిగులుతుంది. పర్సులో ప్లాస్టిక్ అర ఉంటే అందులో పెట్టండి, కొన్న వెంటనే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ఫొటో ఒప్పుకోవాలా వద్దా అనేది కండక్టర్ ఇష్టం, కానీ అసలు కాగితం మీద సగం అక్షరాలు ఉండి పక్కన ఫొటో ఉంటే మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. రెండుగా మడవకండి, మడత దగ్గరే సమయం చెరిగిపోతుంది.

నా రేటింగ్ అడిగితే ఒంటరిగా తిరిగేవాళ్లకి ఐదుకి నాలుగున్నర. మా లాంటి కుటుంబానికి నాలుగు, ఎఫ్-24 ఉండి ఉంటే ఐదు ఇచ్చేవాణ్ని. ఆఖరుగా ఒక చిట్కా, దీన్ని ఆర్టీసీ వాళ్లు దాచిపెట్టిందేమీ కాదు, మనమే ఆలోచించం. ఆదివారం పొద్దున్నే ఏడింటికి టికెట్ కొంటే సోమవారం ఏడింటికి అయిపోతుంది, ఎందుకూ పనికిరాదు. మేం టిఫిన్ చేసి నిదానంగా పదింటికి బయలుదేరి అప్పుడు కొంటాం. మ్యూజియం తెరిచేదే పదింటికి, ముందెళ్లి చేసేదేమీ లేదు. సోమవారం పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు బస్సెక్కి, అదే టికెట్ చూపిస్తా. కండక్టర్ ఒకసారి టికెట్ వంక, ఒకసారి వాచీ వంక చూసుకుని, "ఇంకా గంటుంది, కూర్చో అన్నా" అంటాడు.